పాలమూరు వాన, చిక్కడపల్లి బోర్డు

మా ముత్తాత పాలమూరు జిల్లాలో దేశ్‌ముఖ్. ఆయన గుర్రం దిగి కూర్చునే దాకా కచేరీ అరుగు మీద ఇంకెవరూ కూర్చునేవారు కాదు. మా తాత ఊరి శిస్తు వసూలు చూసే మాలీ పటేల్. తొలకరి పడ్డాక మా మెట్ట చెలకలో ఆయన మొదటి సాలు తీయిస్తేనే ఊళ్లో మిగతా నాగళ్లు కదిలేవి. ముందుగా చెప్పులు విడిచి చెలకలోకి దిగేవాడు. పిడికెడు మట్టి తీసి, ముద్ద చేసి, నడుము ఎత్తు నుంచి వదిలేవాడు. పొడిలా రాలితే ఇంకో వాన కావాలి. ముద్ద ముద్దలాగే పడితే ఆగాలి. పగిలి రెండు మూడు తునకలైతే పదును కుదిరినట్టు. అప్పుడు ఆయన వెనక్కి తిరిగి చెయ్యెత్తితే ఊరు ఊరంతా ఎడ్లను కట్టేది.

మా నాన్న వకీలు. భూముల దావాలు దగ్గరుండి నడపడానికి నారాయణగూడలో ఇల్లు కొన్నాడు. దావాల ఖర్చుకు చెలకలు అమ్మాడు, ఆ తర్వాత ఇల్లు కూడా అమ్మాడు. నేను ఉద్యోగంలో చేరేనాటికి మాది చిక్కడపల్లిలో రెండు గదుల కిరాయి ఇల్లు. తాత కోటు మాత్రం గోడకు వేలాడుతుండేది.

ఇదంతా గొప్పకు చెప్పడం లేదు. గొప్పే, కానీ అందుకు చెప్పడం లేదు. ఈరోజు పత్రికల్లోకి వస్తున్న పిల్లలకు నేను చెప్పబోయే సంగతిలో ఆ మట్టి ముద్దకు పని ఉంది.

నేను పనిచేసిన దినపత్రిక పేరు ఇప్పుడు ఎవరికీ గుర్తుండదు కనుక చెప్పను. నారాయణగూడ నుంచి చిక్కడపల్లికి పోయే దారిలో, ఒక సందు మొదట్లో దాని ఆఫీసు ఉండేది. పెద్ద పత్రికల పక్కన పెడితే చిన్నది, కానీ తల వంచుకునేంత చిన్నది కాదు. నేను జిల్లా డెస్కులో సబ్ ఎడిటర్ని. విలేకరులు ఫోన్లో చెప్పే వార్తలు రాసుకోవడం, కుదించడం, శీర్షిక పెట్టడం నా పని. నా చొక్కాకు రోజూ గంజి ఉండేది. మా న్యూస్ ఎడిటర్ కోస్తా నుంచి వచ్చినాయన, నన్ను 'పటేల్ గారూ' అని పిలిచేవాడు. అందులో వెటకారం ఎంతో మర్యాద ఎంతో తేల్చే ప్రయత్నం నేను చేయలేదు. ఆ పిలుపు నాకు చెల్లుతుంది కాబట్టి పలికేవాణ్ణి.

ఆఫీసు గేటు పక్కన ఒక బోర్డు ఉండేది. ఇనుప చట్రం, చెక్క పలక, ముందు జాలీ. రోజూ పొద్దున అటెండరు ఆ రోజు పత్రికను దాని మీద అతికించేవాడు. కాగితానికి రెండు వైపులా అచ్చు ఉంటుంది కనుక, పత్రిక మొత్తం గోడ మీద కనబడాలంటే రెండు ప్రతులు కావాలి. సర్క్యులేషన్ వాళ్ల కడుపుమంట అదే. డబ్బిచ్చి కొనేవాడికి ఒక ప్రతి, ఊరికే చదివేవాడికి రెండు ప్రతులా అని ప్రతి మీటింగులో అడిగేవారు. మా యజమాని హైదరాబాద్ పాత వ్యాపార కుటుంబం మనిషి. వాళ్ల నాన్న పెట్టించిన బోర్డు కాబట్టి దాన్ని ఉంచాడు, అంతే తప్ప దాని మీద ఆయనకు ప్రేమేమీ లేదు.

బోర్డుకు కొంచెం అవతల, అశోక్‌నగర్ వైపు తిరిగే మలుపులో, కూలీల అడ్డా. పొద్దున్నే అక్కడ పాలమూరు వాళ్లు పారలు, తట్టలు పట్టుకుని నిలబడేవారు. మేస్త్రీలు వచ్చి ఇంతమంది కావాలని పిలుచుకుపోయేవారు. పిలుపు వచ్చే లోపల చాలామంది బోర్డు దగ్గర చేరేవారు. చదవడం వచ్చినవాడు పైకి చదివితే మిగతావాళ్లు వినేవారు.

ఒక వానాకాలం మొదట్లో నేను గేటు దాటుతుంటే ఒకామె ఆపింది. వాళ్ల గుంపుకు పెద్ద దిక్కులాంటి మనిషి. నెత్తి మీద తట్ట, తట్టలో సద్ది మూట.

"సారు, గీ పేపర్ల మా దిక్కు వాన ముచ్చట ఏమన్న ఉన్నదా?"

ఏ ఊరని అడిగాను. ఆమె చెప్పిన పేరు మా ఊరికి పొలిమేర ఊరు. ఆ సంగతి నేను బయటపెట్టలేదు. మీ జిల్లా వార్తలకు వేరే పేజీలుంటాయి, అవి ఆ జిల్లాకు పోయే పత్రికలోనే వస్తాయి, ఇక్కడ సిటీ పేజీలు వస్తాయి అని వివరించాను. ఆమె ఓపికగా విన్నది.

"మా జిల్లా ముచ్చట మా జిల్లాల్నే ఉంటె మాకేం ఫాయిదా సారు? మేం ఈడుంటిమి గద."

ఆమె అడిగింది చిన్న సంగతి కాదు. వాన పడిందనుకుని ఊరికి పోతే, అక్కడ పడకపోతే, ఇక్కడి కూలి పోతుంది, మేస్త్రీ ఇంకొకరిని పెట్టుకుంటాడు. పడలేదనుకుని ఇక్కడే ఉంటే, అక్కడ పడితే, పదును ఆరిపోతుంది, ఆ ఏడాది చేను బీడే. అప్పట్లో ఊరికొక ఫోను ఉంటే గొప్ప. ఎవరో బస్సు దిగినవాడు చెప్పిందే వార్త, వాడికి తెలిసేది రోడ్డు పక్క సంగతే.

ఆ రోజే న్యూస్ ఎడిటర్ని సిటీ పేజీలో చిన్న చోటు అడిగాను. పాలమూరులో నిన్న ఎక్కడెక్కడ వాన పడిందో వేస్తానన్నాను. ఆయన కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని చూశాడు. హైదరాబాద్ పేజీలో పాలమూరు వానా అన్నాడు. హైదరాబాద్‌లో పాలమూరు ఉంది కాబట్టి అన్నాను. సరే, అయితే మిల్లీమీటర్లు వేయండి, అంకె ఉంటే జనం నమ్ముతారన్నాడు. వేశాను. మర్నాడు అడ్డాలో ఒకాయన జాలీ మీద వేలు పెట్టి, పన్నెండు అని రాసిన్రు, పగటి పన్నెండుకు పడ్డదా రాత్రి పన్నెండుకా అని అడిగాడు. అంకెలు తీసేశాను.

వాళ్లకు కావలసింది ఎంత పడింది అన్నది కాదు. నాగలి కట్టొచ్చా లేదా అన్నది. అది తేల్చే పద్ధతి నాకు తెలుసు. అప్పటినుంచి విలేకరి ఎవరు ఫోన్ చేసినా, వార్త రాసుకునే ముందు, చేన్లోకి దిగి మట్టి ముద్ద వదిలి చూశావా అని అడగడం మొదలుపెట్టాను. మా విలేకరుల్లో బడి పంతుళ్లున్నారు, ఎరువుల దుకాణం ఆయన ఉన్నాడు. వాళ్లు నా మీద మండిపడ్డారు. ఒకడైతే, సార్ నేను మీ విలేకరినా మీ చేని జీతగాన్నా అని సూటిగా అడిగాడు. ముద్ద చూడకపోతే నీ కలెక్టర్ వార్త కూడా రాసుకోనన్నాను. కలెక్టర్ వార్త పక్కన తన పేరు అచ్చులో చూసుకోవడం వాడికి ప్రాణం. పోయి ముద్ద చూశాడు.

అలా 'పాలమూరు వాన' మొదలైంది. అరచేతి వెడల్పు డబ్బా. మండలం పేరు, దాని పక్కన మూడు మాటల్లో ఒకటి. 'చాలదు.' 'ఆగాలి.' 'పదునైంది.' వానాకాలం నెలల్లోనే వచ్చేది.

మొదటి ఏడాదే ఒక దెబ్బ తగిలింది. ఎరువుల దుకాణం ఆయనకు చేనుదాకా పోవడం బద్ధకమై, తన పెరట్లో బావి పక్కన మడిలో మట్టి తీసి ముద్ద వదిలాడు. అది రోజూ గిన్నెలు కడిగిన నీళ్లతో తడిసే మడి. ముద్ద శ్రేష్ఠంగా పగిలింది. 'పదునైంది' అని వేశాం. ఆ మండలం వాళ్లు మూటలు కట్టుకుని పోయి, తెల్లారి తిట్టుకుంటూ తిరిగొచ్చారు. గేటు దగ్గర వాళ్లు అన్న మాటలు ఇక్కడ రాయను, అన్నీ న్యాయమైనవే. ఆ తర్వాత నియమం మార్చాను. మూడు చేలు చూడాలి, మూడూ పరాయివాళ్లవి కావాలి, బావికి దూరంగా ఉండాలి. వచ్చే ఏడాదికల్లా అడ్డాలో నమ్మకం తిరిగి కుదిరింది.

అసలు సంగతి ఆ రెండో ఏడాదిది. తొలకరి ముఖం చాటేసింది. మృగశిర పోయింది, ఆరుద్ర కూడా సగమైంది. మా డబ్బాలో రోజూ 'చాలదు' తప్ప ఇంకో మాట లేదు. న్యూస్ ఎడిటర్ అచ్చు పంపేముందు, పటేల్ గారూ, నిన్నటి డబ్బానే వాడుకోమంటారా అనేవాడు. అటువంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం జిల్లా పడమటి వైపు నుంచి వరసగా ఫోన్లు వచ్చాయి. రాత్రంతా పడింది. ముద్ద పగిలింది. మూడు చేలల్లోనూ పగిలింది. మర్నాడు పడమటి మండలాలన్నిటి పక్కనా 'పదునైంది' అని వేశాను. మిగతా పత్రికల్లో మాత్రం జిల్లాలో వాన జాడ లేదని వచ్చింది. వాళ్లు జిల్లా కేంద్రంలో పడిన వానే చూస్తారు, అక్కడ నిజంగానే చినుకు లేదు.

ఆ పొద్దున బోర్డు ముందు డబ్బా చదివినవాళ్లు చదివినట్టే పారలు భుజాన వేసుకుని బస్టాండు దారి పట్టారు. సగం అడ్డా ఖాళీ అయింది. రెండో పొద్దుకు మిగతా సగం కూడా పోయింది.

సరిగ్గా ఆ రెండో పొద్దున అశోక్‌నగర్‌లో ఒక అపార్ట్‌మెంటుకు స్లాబ్ వేయాలి. మీకు తెలుసు కదా, స్లాబ్ మొదలైతే మధ్యలో ఆపకూడదు. కింది నుంచి పైదాకా మనుషులు వరసగా నిలబడి, కలిపిన కాంక్రీటును తట్టల్లో చేతులు మారుస్తూ అందించాలి. సిమెంటు దిగింది, కలిపే మిషను వచ్చింది, కొబ్బరికాయ కూడా కొట్టారు. మనుషులు లేరు. ఆ బిల్డరు మా పత్రికకు పెద్ద ప్రకటనదారు. ఆదివారం చివరి పేజీ ఆయనదే. నేరుగా మా యజమాని గదికి వచ్చి కూర్చున్నాడు. నన్ను పిలిచారు.

నేను వెళ్లేసరికి బల్ల మీద మా పత్రిక, ఇంకో రెండు పత్రికలు పరిచి ఉన్నాయి. కుర్చీ చూపించారు. నిలబడే ఉన్నాను.

బిల్డరు నన్ను చూడకుండా యజమానితో మాట్లాడాడు. "సేటు, మీ పేపర్ల నా ప్రకటన ఎన్కపేజీల ఉంటది, నా పని బంద్ వెట్టే ముచ్చట సిటీ పేజీల ఉంటది. అందరు వాన లేదని రాస్తుంటె ఈ ఒక్కాయనకే ఏడ కనబడ్డది వాన?"

జిల్లా కేంద్రంలో లేదు, పడమటి మండలాల్లో ఉంది అన్నాను.

"నిరుడు గూడ గిట్లనే రాసిన్రు గద. పోయినోళ్లు పోయినట్లే ఎన్కకు వచ్చిన్రు, మిమ్ములనే తిట్టుకుంట వచ్చిన్రు."

ఆ దెబ్బ సరైన చోట తగిలింది. యజమాని మధ్యలోకి వచ్చాడు. కోపం లేదు ఆయన గొంతులో, లెక్క ఉంది. "పటేల్ సాబ్, బాత్ ఖతం చేద్దాం. రేపు సవరణ వెయ్యి. ఆ డబ్బా తీసెయ్యి, గేటు కాడి బోర్డు తీపిచ్చెయ్యి. నీ నౌకరి జోలికి ఎవ్వరు రారు."

తప్పు వేసి ఉంటే సవరణ వేస్తాను, తప్పని తేలక ముందు వేయను అన్నాను. ఎట్ల తేలుతది అన్నాడు బిల్డరు. దానికి నేను ఇచ్చిన జవాబు ఇప్పటికీ అక్షరం మరిచిపోలేదు.

"పదును లేకుంటె నిన్న పోయినోళ్లు రేపు పొద్దుగాల మొదటి బస్సుకు ఈడ దిగుతరు. రేపు అడ్డా కాడికి రాండ్రి. వాళ్లు తిరిగొస్తె ఆ బోర్డు నేనే నా చేతుల్తోటి ఊడదీస్త. తీసి, అటునుంచి అటే ఇంటికి పోత. నౌకరి గూడ మీకే."

జర సోంచాయించి మాట్లాడు అన్నాడు యజమాని. నేను చెప్పింది చెప్పానన్నాను.

గదిలోంచి ఠీవిగానే బయటికి వచ్చాను. నా బల్ల దగ్గరికి వచ్చాక పడమటి విలేకరులకు ఫోన్ చేశాను. ఒక్క లైనూ కలవలేదు. అన్నీ మూగ. న్యూస్ ఎడిటర్ అంతా విని ఉన్నాడు, పక్కన వచ్చి నిలబడ్డాడు. "లైన్లు పోయాయంటే వాన పడిందనుకోవచ్చా పటేల్ గారూ, లేక బిల్లు కట్టలేదనుకోవాలా?" అన్నాడు. ఎప్పుడూ లేనిది, నా కోసం టీ తెప్పించాడు. నేను ఒకరి ఖాతాలో టీ తాగేవాణ్ణి కాదు. ఆ రోజు తాగాను.

తెల్లారి ఎండ పడేసరికి మలుపు దగ్గర నలుగురం ఉన్నాం. నేను, న్యూస్ ఎడిటర్, యజమాని, బిల్డరు. యజమాని కారులోనే కూర్చుని అద్దం దించుకున్నాడు. నేను ఇస్త్రీ చొక్కా, తాత కోటు వేసుకుని పోయాను. పోతే నిలువునా పోవాలని.

ఆ వేళకు మామూలుగా అక్కడ భుజం భుజం రాసుకుంటుంది. ఆ పొద్దున ఇద్దరు సున్నం వేసేవాళ్లు, ఒక నల్లాల పని ఆయన, అంతే. వాళ్లు సిటీ మనుషులు. బస్సు వచ్చినప్పుడల్లా బిల్డరు మెడ సాచేవాడు. కాలేజీ పిల్లలు దిగారు, క్యారియర్లు పట్టుకుని ఆఫీసు మనుషులు దిగారు. పార పట్టుకున్నవాడు ఒక్కడూ దిగలేదు. ఎదురుగా ఇరానీ హోటల్ ఆయన ఖాళీ బల్లలు తుడిచి తుడిచి విసుగెత్తి, ఇయాల ఏం పండుగున్నదని మమ్మల్నే అడిగాడు.

అప్పుడు ఒక బస్సులోంచి ఒకాయన దిగాడు. నడివయసు, ధోవతి, చేతిలో మూట. అతన్ని నేను గుర్తుపట్టాను. మొన్న పోయినవాళ్లలో ఒకడు. వానాకాలమంతా బోర్డు ముందు డబ్బా పైకి చదివేది అతనే.

బిల్డరు నా వైపు చూసి నవ్వాడు. "వచ్చిండు. ఒకడొచ్చిండంటె ఎన్క అందరొస్తున్నట్టే."

నేను బోర్డు వైపు ఒకసారి చూసుకున్నాను. కానీ వెన్ను వంచలేదు. బిల్డరే ముందుకు పోయి, స్లాబ్ పనున్నది, ఇప్పుడే ఎక్కాలె, మామూలు కంటే ఎక్కువ ఇస్త అన్నాడు. అతను తల అడ్డంగా ఊపాడు.

"నేను పనికి రాలే సేటు. బాగ్ లింగంపల్లిల ఒక బిల్డింగ్ కాడ మా వాళ్లింక నలుగురున్నరు, వాళ్లను తోల్కపోను వచ్చిన. ఆడ విత్తనీకె మనుషులు సాలుతలేరు."

అప్పుడు చూశాను అతని కాళ్లు. మోకాళ్ల దాకా ఎర్రమట్టి, ఎండి చారలు కట్టింది.

బిల్డరు ఇంకా వదల్లేదు. ఒక్క దినం ఆగితే ఏమైతది, రెండింతలిస్త అన్నాడు. అతను మూట ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"స్లాబ్ నెలకు వేసుకున్న ఆగుతది సేటు. పదునాగుతదా?"

కారులోంచి నవ్వు వినబడింది. యజమాని తలుపు తీసుకుని దిగాడు. కడుపు పట్టుకుని నవ్వుతూ, ఖాళీ అడ్డా మధ్యలో నిలబడి నాలుగు వైపులా చూశాడు. "చలో పటేల్ సాబ్, చాయ్ తాగుదాం. నీ ఎడ్లు అన్ని పొలంలనే ఉన్నయ్," అన్నాడు. న్యూస్ ఎడిటర్ నా చెయ్యి పట్టుకుని గట్టిగా ఊపాడు. ఆయన ఒంటి మీద నిన్నటి చొక్కానే ఉంది. ఆ రాత్రి ఆయన కూడా నిద్రపోలేదని అప్పుడు తెలిసింది.

నేను మాత్రం కాసేపు ఆ మలుపులోనే నిలబడ్డాను. జీవితంలో చాలా సభలు చూశాను, చాలా జనం చూశాను. మనుషులు లేని ఆ అడ్డా అంత నిండుగా నాకు ఏదీ కనబడలేదు. మా తాత చెయ్యెత్తితే ఒక ఊరు కదిలేది. గుంట భూమి లేని నేను అరచేతి వెడల్పు డబ్బాలో ఒక్క మాట వేస్తే ఆ పడమటి వైపంతా నాగళ్లు కదిలాయి.

మర్నాటి నుంచి డబ్బా మొదటి పేజీకి ఎక్కింది. బోర్డుకు కొత్త జాలీ, పైన రేకు వచ్చాయి. రెండు ప్రతుల సంగతి సర్క్యులేషన్ వాళ్లు మళ్లీ ఎత్తలేదు, ఎందుకంటే పాలమూరు వాళ్లుండే బస్తీల్లో పత్రిక కొనడం మొదలైంది. బిల్డరు నెల తిరక్కుండా ప్రకటనతో వెనక్కి వచ్చాడు. ఫ్లాట్లు అమ్ముకోవాలి కదా. వచ్చిన రోజు నన్ను చూసి, ఈసారి స్లాబ్ వేసే ముందు నిన్నడిగి ముహూర్తం పెట్టుకుంట అన్నాడు. మంచి మాటే అన్నాను.

విత్తనాలు ముగిసి, కలుపుకు ఇంకా వ్యవధి ఉన్నప్పుడు అడ్డా మళ్లీ నిండింది. నన్ను మొదట వాన అడిగిన ఆమె గేటు దగ్గర నా కోసం ఆగింది. నా ఊరు ఎవరో చెప్పినట్టున్నారు, ఈసారి 'సారు' అనలేదు.

"దొర, మీ తాత చెలకల ఆముదాలు, కందులు వెట్టినం. మంచిగ మొలిచినయ్."

ఆ చెలక నాన్న అమ్మాక రెండు చేతులు మారిందని తెలుసు. ఎవరి దగ్గరుందో తెలియదు. ఈడ తట్టలు మోసిన పైసలతోటే మా మరిది, మేము కలిసి కొన్నామని ఆమె చెప్పింది. నా ముఖం చూసి ఏమనుకుందో, మెల్లగా ఇంకో మాట అంది. "మేం కొన్నా మీ ఊళ్లె దాని పేరు మారలే. పటేల్ చెలకనే అంటరు. మొదటి సాలు ఇప్పటికి ఆడనే తీస్తరు."

మంచిది అన్నాను. గేటు లోపలికి పోయి, ఆ రోజు డబ్బా నేనే స్వయంగా కంపోజింగ్ వాళ్ల పక్కన కూర్చుని వేయించాను.

పిల్లలూ, ఇప్పుడు వాన సంగతి మీ జేబుల్లోని ఫోన్లు చెబుతాయి. అశోక్‌నగర్ గదుల్లో పోటీ పరీక్షలకు చదువుకునే మీలో చాలామంది ఆ అడ్డాలో నిలబడినవాళ్ల మనవలే. మీలో ఎవరైనా పత్రికల్లోకి వస్తే ఒక్కటే అడుగుతాను. వార్త ఎవరి చేతిలో పడుతుందో, వాడు దాంతో ఏం చేస్తాడో చూసి రాయండి. మా పత్రిక ఎన్ని ప్రభుత్వాలను దించిందో నాకు తెలియదు, ఒక్కదాన్నీ దించి ఉండదు. సమయానికి విత్తనం మాత్రం వేయించింది.

ఆ పత్రిక ఒక వానాకాలంలోనే మూతపడింది. కారణాలు అందరికీ తెలిసినవే, పెద్ద పత్రికల ధరలతో మేము తూగలేకపోయాం. చివరి సంచికలో కూడా 'పాలమూరు వాన' ఉంది. ఆ తర్వాత యజమాని ఆఫీసు సామానంతా అమ్మకానికి పెట్టాడు. అచ్చు యంత్రం బయటి ఊరి ప్రెస్సుకు పోయింది. బల్లలు, కుర్చీలు బర్కత్‌పురలో ఒక ట్యూషన్ సెంటరుకు పోయాయి. నీకేమన్న కావాలంటె తీసుకపో పటేల్ సాబ్ అన్నాడు యజమాని. ఊరికే తీసుకోవడం మా ఇంట్లో లేదన్నాను. గేటు పక్క బోర్డును జాలీతో, రేకుతో సహా పాత ఇనుము కింద తూకానికి అమ్మారు. కొన్నది నేను.